చేతులు మారిన బండ్లు

క్రొత్త యొక వింత, పాత యొక రోత యని మనవారి సామెత. సామెతలలో లోకానుభవ మున్నది. కాని లోకానుభవ మంతయు ఒక్క సామెతలో ఇముడదు. పాఠశాలలు తెరచు జూన్ మాసములో పాతపుస్తకముల అంగడి ముందు నిలిచిన బాలుని చూడుడు. నిరుడు మరియొకడు చదివి, అంచులలో గుర్తులు పెట్టి, అట్ట చినిగిన పుస్తకమును వాడు సగము వెలకు కొనును. ఇంటికి పోయి దానికి కొత్తగా అట్ట వేసికొనును. లోపలి పద్యములు పాతబడలేదు, అట్టయే పాతబడినది. అట్ట మార్చినచో ఆ పుస్తకము మరి రెండేండ్లు చదువు చెప్పును.

ఈ బాలుడు చేసిన పనినే ఇంగ్లండులోని ఒక నగరము ఇరువది సంవత్సరములపాటు చేసినది. ఆ నగరము పేరు బ్రాడ్‌ఫర్డ్. అది కొన్నది పుస్తకములు కావు, ట్రాలీబస్సులు. ఇతర పట్టణములు వలదని పారవేసిన బండ్లను కొని, వానికి కొత్త ఒడలు కట్టించి, తన వీథులలో నడిపినది. ఆ పుణ్యముననే ఆ దేశమున అన్ని పట్టణముల కంటె ఎక్కువకాలము ట్రాలీబస్సును నిలుపుకొన్నది. పొదుపు ఎంతవరకు కాపాడును, ఎచ్చట అది చాలక పోవును అను ప్రశ్నకు ఈ కథలో ఒక సమాధానము దొరకును. అందుచేతనే దీనిని మన ఉపాధ్యాయుల ముందును, విద్యార్థుల ముందును ఉంచుచున్నాను.

ట్రాలీబస్సును మన విద్యార్థులలో పెక్కుమంది చూచి యుండరు. తెలుగు పట్టణములలో అది ఎన్నడును నడువలేదు. మదరాసులో చదివిన మన పెద్దలు అచ్చట 1953 వరకు నడచిన ట్రాముల నెరుగుదురు. ఢిల్లీలో 1935 నుండి 1962 వరకును, బొంబాయిలో 1962 నుండి 1971 వరకును ట్రాలీబస్సులు నడచినవి. ట్రామునకు నేలమీద ఇనుప పట్టాలు కావలెను, పైన తీగె ఒక్కటి చాలును. తీగెనుండి దిగిన విద్యుత్తు మోటారును త్రిప్పి, చక్రముల మీదుగా పట్టాలలో ప్రవేశించి తిరిగి పోవును. ట్రాలీబస్సుకు రబ్బరు చక్రములు. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కనుక విద్యుత్తు వచ్చుట కొక తీగె, పోవుట కొక తీగె, రెండును ఆకాశముననే ఉండవలెను. బస్సు కప్పుమీద రెండు పొడవైన గెడలు స్ప్రింగుల బలముచే ఆ తీగెలను క్రిందినుండి అదుముకొని యుండును. పట్టాలు లేవు కనుక, నిలిచిన బండి యేదైన అడ్డమైనచో, గెడలు అందినంత మేర బస్సు ప్రక్కకు తొలగి పోగలదు.

బ్రిటనులో ఈ తీగెలలో ప్రవహించినది సుమారు 550 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. మలుపులో ఒక్కొక్కప్పుడు గెడ తీగెనుండి జారి పోవును. అప్పుడు బండి నిలిచిపోవును. కండక్టరు దిగి, బండి క్రింద దాచియుంచిన పొడవైన వెదురుగెడను లాగి, దానితో ట్రాలీ గెడను పట్టి మరల తీగెకు తగిలించును. వర్షము కురియుచున్న రాత్రి ఈ పని ఎంత హాయిగా ఉండునో ఊహించుకొనవచ్చును. ఆ చిక్కు ఒక్కటి తప్పించినచో ట్రాలీబస్సు మహాసాధువు. దానికి పొగ లేదు, రొద లేదు. చప్పుడు లేక వెనుకనుండి వచ్చుచుండుటచే పాదచారులు దానిని గమనింపక ఉలికిపడు వారట.

బ్రాడ్‌ఫర్డ్ యార్క్‌షైరు మండలములోని నగరము. దాని పేరు చెప్పగానే ఆ దేశమువారికి ఉన్ని జ్ఞప్తికి వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున ఉన్నిబట్టల వ్యాపారమునకు అది రాజధాని వంటిది. సర్ టైటస్ సాల్ట్ అను మిల్లు యజమాని నగరమునకు సమీపమున సాల్టెయిర్ అను శ్రామికుల గ్రామమును కట్టించినది ఈ వ్యాపారపు లాభముతోడనే. నాటకకర్త, నవలాకారుడు జె. బి. ప్రీస్ట్‌లీ 1894లో జన్మించినది ఈ నగరముననే. ఊరు గిన్నెవంటి లోయలో నున్నది. నడిబొడ్డునుండి ఏ దిక్కునకు పోవలె నన్నను కొండ యెక్కవలసినదే. ఇట్టి ఊరికి విద్యుత్ బండి తగినట్లు మరేదియు తగదు. చమురు యంత్రము వేగము పుంజుకొనిన పిమ్మట గాని తన బలమును చూపదు. విద్యుత్ మోటారు మొదటి క్షణముననే పూర్తి బలముతో లాగును. నిండు బస్సును కొండవాలుమీద నిలిపి మరల కదలింపవలసి నప్పుడు ఈ భేదము తెలిసివచ్చును.

బ్రిటనులో ట్రాలీబస్సు పుట్టినదియు ఇచ్చటనే. 1911 జూన్ 20వ తేదీన బ్రాడ్‌ఫర్డ్, దాని పొరుగున నున్న లీడ్స్ నగరములు రెండును ఒకేరోజున తమ ట్రాలీబస్సులకు ప్రారంభోత్సవము జరిపినవి. బ్రాడ్‌ఫర్డ్‌లో ట్రాము శాఖకు అధిపతిగా నుండిన సి. జె. స్పెన్సర్ ఈ పద్ధతిని పట్టుదలతో సమర్థించెను. అప్పటి మొదటి మార్గము లెయిస్టర్‌డైక్ నుండి డడ్లీ హిల్ వరకు పోవు చిన్న దారి. రెండు ట్రాము దారులను అడ్డముగా కలుపుటయే దాని పని. బండ్లు ఒంటి అంతస్తువి. చక్రములకు గట్టి రబ్బరు తొడుగులు. పట్టాలు పరచుటకు అగు వ్యయము మిగులును కనుక, జనము తక్కువగా నుండు దారులకు ఇవి చాలునని ఆనాటి ఆలోచన. క్రమముగా ఈ చిన్నబిడ్డయే ఇంటి పెత్తనము వహించినది. 1934లో థార్న్‌టన్ దారి, 1939లో సాల్టెయిర్ దారి ట్రాములనుండి ట్రాలీబస్సుల వశమైనవి. 1950 మే 6వ తేదీన నగరములో కడపటి ట్రాము నిలిచిపోయినది.

లీడ్స్ నగరము తన ట్రాలీబస్సులను 1928లోనే విడిచిపెట్టినది. బ్రాడ్‌ఫర్డ్ విడువలేదు. కాని 1950 నాటికి దేశమున గాలి మారసాగినది. అంతకు పూర్వము పట్టణ పరిపాలక సంఘములు తమ విద్యుత్ కేంద్రములలో తామే కరెంటు తయారు చేసికొని, తమ ట్రాములకు, ట్రాలీబస్సులకు అమ్ముకొనుచుండెడివి. ఒకే యింటివారి ఇచ్చిపుచ్చుకోలు అది. 1948 ఏప్రిలు 1వ తేదీన ప్రభుత్వము విద్యుత్ పరిశ్రమను జాతీయము చేసినది. అప్పటినుండి పట్టణములు కరెంటును బయటివారినుండి కొనవలసి వచ్చినది. ఊరి చివర కొత్తగా వెలసిన ఇండ్లవరకు తీగెలు సాగింపవలెనన్న స్తంభములు, రాగితీగెలు, ఉపకేంద్రములు కావలెను; డీసెలు బస్సునకు ఇవియేవియు అక్కరలేదు. డీసెలు చవుకగా దొరకుచుండెను. ఈ లెక్కలు చూచి పట్టణములు ఒకదాని తరువాత ఒకటిగా తీగెలు దింపుట ప్రారంభించినవి. ప్రపంచమున అన్నిటి కంటె పెద్దదగు లండను ట్రాలీబస్సు వ్యవస్థ, ఒకప్పుడు 1800 పైచిలుకు బండ్లతో నడచినది, 1962 మే 8వ తేదీన ముగిసినది.

అందరును అమ్మువారైన సంతలో కొనువాడే రాజు. 1950 దశకమున బ్రాడ్‌ఫర్డ్ రవాణా శాఖకు అధిపతిగా నుండిన చేస్లీ హంపిడ్జ్ ఈ సూత్రమును చక్కగా గ్రహించెను. కొత్త ట్రాలీబస్సు వెల నానాటికి పెరుగుచుండెను. తయారు చేయు సంస్థలు తగ్గుచుండెను. ఇటు చూడగా, మూతపడిన పట్టణముల షెడ్లలో మంచి బండ్లు పడియుండెను. వానిని కొనుటకు ముందుకు వచ్చువారు తక్కువ. కనుక బ్రాడ్‌ఫర్డ్, 1951కి పిమ్మట కొత్త ట్రాలీబస్సు నొక్కదానినైన కొనలేదు. కొన్నవి అన్నియు ఇతరులు వాడినవే.

ఆ బండ్లు వచ్చిన ఊళ్ళ పేర్లు వినినచో బ్రిటను భూగోళపాఠము చదివినట్లుండును. వేల్సులోని రేకుల కర్మాగారముల పట్టణము లానెల్లీ 1952లో తన ట్రాలీబస్సులను మానినది. ఆ బండ్లు బ్రాడ్‌ఫర్డ్ చేరినవి. నాటింగ్‌హామ్‌నుండి రిప్లీవరకు గనుల గ్రామముల మీదుగా నడచిన నాట్స్ అండ్ డెర్బీ సంస్థ 1953లో తీగెలు దింపినది. దాని వద్ద మిగిలిన 32 బండ్లను బ్రాడ్‌ఫర్డ్ ఒకే మారు కొనివేసినది. డార్లింగ్టన్ నుండి ఒంటి అంతస్తు బండ్లు వచ్చినవి. సెంట్ హెలెన్స్ 1958లో ముగింపగా అందుండి 8 వచ్చినవి. దక్షిణ సముద్రతీరమున నున్న హేస్టింగ్స్ 1959లో ముగింపగా అచ్చటి బండ్లును కొండదారి పట్టినవి. డాంకాస్టర్ నుండి కొన్ని, మెక్స్‌బరో - స్వింటన్ అను గనుల సీమనుండి కొన్ని వచ్చినవి. వీనిలో కొన్ని రెండవ చేతివియు కావు, మూడవ చేతివి. డార్లింగ్టన్‌లో మొదట తిరిగి, అచ్చటివారు వలదనగా డాంకాస్టర్ చేరి, అటుపిమ్మట బ్రాడ్‌ఫర్డ్ వచ్చినవి. ఓడలు బండ్లగునని విన్నాము. బండ్లు ఇన్ని ఊళ్ళ బండ్లగుట ఇచ్చట చూచుచున్నాము.

సాహిత్య విద్యార్థులకు ఇందొక చిన్న విశేషము. నాట్స్ అండ్ డెర్బీ వారి రిప్లీ దారి డి. హెచ్. లారెన్స్ పుట్టిన ఈస్ట్‌వుడ్ గ్రామము మీదుగా పోవును. ఆ దారిలో ట్రాములు నడచిన కాలమున, మొదటి ప్రపంచయుద్ధపు దినములలో స్త్రీలే కండక్టర్లై టిక్కెట్లు కోసిన వైనమును ఆయన 1919లో ప్రచురించిన ఒక కథలో చిత్రించెను. ఆ ట్రాముల స్థానమున వచ్చిన ట్రాలీబస్సులే పిమ్మట బ్రాడ్‌ఫర్డ్ చేరినవి.

పాతబండిని కొనుట సులభము; దానితో పని చేయించుట సులభము కాదు. బ్రాడ్‌ఫర్డ్ వారి నేర్పు అంతయు ఇచ్చట నున్నది. దానిని అర్థము చేసికొనుటకు బండిని రెండు భాగములుగా భావింపవలెను. క్రింద ఉక్కు చట్రము, ఇరుసులు, మోటారు. దీనిని ఛాసిస్ అందురు. దానిమీద ప్రయాణికులు కూర్చుండు గది. దీనిని బాడీ అందురు. విజయవాడ ఆటోనగరు చూచినవారికి ఇది వింత కాదు. లారీ యజమాని ఛాసిస్ కొని తెచ్చి, వడ్రంగులచేతను కమ్మరులచేతను దానిమీద బాడీ కట్టించుకొనును. అదే పద్ధతి ఇంగ్లండునను కలదు.

ఈ రెండింటి ఆయుర్దాయము ఒక్కటి కాదు. విద్యుత్ మోటారులో అటునిటు కొట్టుకొను పిస్టను లేదు. లోపల మంట లేదు. తిరుగు భాగ మొక్కటే. బేరింగులు మార్చుచు, బొగ్గుబ్రష్షులు సవరించుచు, తీగెచుట్టలను ఎండబెట్టి మరల కట్టుకొనుచు పోయినచో అది దశాబ్దముల తరబడి నడచును. బాడీ అట్లు కాదు. ఆ కాలపు బాడీలకు లోపలి ఎముకల గూడు కర్రతో చేసినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఎండిన కర్ర దొరకక పచ్చికర్రతోనే బాడీలు కట్టిరి. పచ్చికర్రతో తలుపు చేయించినవాడు మరుసటి వేసవికే వడ్రంగిని వెదకికొనుచు పోవును. ఆ బస్సుల గతియు అంతే. కొన్నియేండ్లలోనే కర్ర పుచ్చి, కీళ్ళు వదలి, బాడీ కిర్రుకిర్రుమనసాగినది. క్రింద ఛాసిస్ మాత్రము చెక్కుచెదరలేదు. చూచువారు పైనున్న జీర్ణశరీరమును చూచి బండియే పోయినదనుకొనిరి. బ్రాడ్‌ఫర్డ్ వారు క్రిందికి వంగి చూచిరి.

1956 నుండి 1963 వరకు ఈ పని పెద్దయెత్తున సాగినది. యుద్ధకాలపు, యుద్ధానంతరపు ఛాసిస్‌లను కొని, పాతబాడీలను తీసివేసి, బ్లాక్‌బర్న్ పట్టణమందలి ఈస్ట్ లాంకషైర్ అను బాడీల సంస్థకు పంపిరి. అచ్చటినుండి అవి రెండంతస్తుల కొత్త బస్సులై తిరిగివచ్చెను. పిదప కట్టించిన వానిలో ద్వారము వెనుక కాక ముందువైపున ఉండెను. డార్లింగ్టన్, మెక్స్‌బరో ఊళ్ళలో ఒంటి అంతస్తుతో తిరిగిన బండ్లు ఇచ్చట రెండవ అంతస్తు సంపాదించుకొనినవి. నగరపు లేత నీలిరంగు పూసి వీథిలోనికి వదలినపుడు, అది కొత్తబండి కాదని చెప్పుట సామాన్యునికి సాధ్యము కాదు. అది ఏ మండలమునుండి వచ్చెనో నంబరుపలక మీది అక్షరములను బట్టి మాత్రమే తెలిసికొనవచ్చును. జీర్ణవస్త్రమును విడిచి నూతనవస్త్రము ధరించుట అను గీతలోని ఉపమానమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము యంత్రలోకమున దొరకుట కష్టము.

ఈ పొదుపునకు కాలము ఒకమారు సాక్ష్యము చెప్పినది. 1956లో సూయజ్ కాలువ సంక్షోభము వచ్చినపుడు చమురు ఓడలు రాక, బ్రిటనులో 1956 డిసెంబరు నుండి 1957 మే వరకు ఇంధనమునకు రేషను పెట్టిరి. డీసెలును నమ్ముకొనిన పట్టణములు తమ బస్సుల రాకపోకలను తగ్గించుకొనవలసి వచ్చినది. ట్రాలీబస్సుకు సూయజ్‌తో పని లేదు. దాని కరెంటు ఆ దేశపు బొగ్గునుండి పుట్టినది. ఆ బొగ్గు యార్క్‌షైరులోనే కావలసినంత కలదు. దూరదేశపు కాలువ మూతపడినపుడు ఇంటిలోని పొయ్యి ఆరిపోకుండ ఉండుట చిన్న లాభము కాదు.

ఆ దినములలోనే మన ఉపఖండమునుండి, ముఖ్యముగా మీర్‌పూరు ప్రాంతమునుండి, వేలకొలది శ్రామికులు బ్రాడ్‌ఫర్డ్ ఉన్నిమిల్లులలో పనికి చేరిరి. రాత్రివంతుల పనులు పెక్కు వారివంతే అయ్యెను. తెల్లవారుజామున పని ముగించుకొని వారు ఇంటికి చేరుటకు ఎక్కిన బండ్లలో, తమవలెనే పరాయి ఊళ్ళనుండి వచ్చి ఈ కొండలమీద బరువు లాగుచున్న బండ్లును కలవు.

ఇంతవరకు ఇది పొదుపు విజయగాథ వలె వినిపించును. కాని కథ ఇచ్చట ముగియదు. పాఠమును ఇచ్చటనే ఆపినచో విద్యార్థులకు సగము నిజమే చెప్పినవార మగుదుము. బ్రాడ్‌ఫర్డ్ కొన్న ప్రతి పాతబండి వెనుకను ఒక పట్టణమున ట్రాలీబస్సు మరణించినది. లానెల్లీ పోయినందున కదా అచ్చటి బండి దొరకినది! ఇతరులు మానుకొనుచున్నంతకాలము బ్రాడ్‌ఫర్డ్‌కు చవుకబేరములు దొరకుచుండెను. అందరును మానుకొనిన నాడు? ఆ నాడు అమ్ముటకు ఎవరును ఉండరు. అంతే కాదు; కొనువారు లేనందున కొత్తబండ్లు చేయు కర్మాగారములును ఉండవు. తీగె బిగించు కొక్కెము, మలుపులో దారి మార్చు సాధనము, మోటారుకు కావలసిన చిన్న విడిభాగము, వీనినన్నిటిని పెక్కు పట్టణములు కలిసి కొన్నపుడు చవుకగా దొరకును. ఒక్కనికొరకు ఎవరు చేయుదురు? పాతనీరు తోడుకొనువాడు ఊటను గురించి ఆలోచింపవలెను. ఊట యెండిపోయిన బావిలో ఎంత నేర్పుగా తోడినను నాలుగు దినములు ముందు వెనుక మాత్రమే.

అట్లే జరిగినది. బ్రిటనులో వాడుకకొరకు కొత్త ట్రాలీబస్సులు కడపటిసారి తయారైనది 1962లో, బోర్న్‌మత్ పట్టణము కొరకు. అటుపిమ్మట ఒక్కటియు పుట్టలేదు. ఇంకొకవైపున బ్రాడ్‌ఫర్డ్ నగరమధ్యమును కూలగొట్టి కొత్తవీథులు వేయు పథకములు సాగినవి. డీసెలు బస్సునకు వీథి మారిన చిక్కు లేదు; చక్రము త్రిప్పినచో చాలును. ట్రాలీబస్సుకు వీథి మారిన ప్రతిసారియు స్తంభములు పీకి పాతవలెను, తీగెలు విప్పి కట్టవలెను. ఆ వ్యయము చూచి పెద్దలు వెనుదీసిరి. 1960 దశకమున ఒక్కొక్క దారియే డీసెలు వశమగుచు వచ్చినది. 1968లో రీడింగ్, 1969లో బోర్న్‌మత్, 1970లో కార్డిఫ్, వాల్సాల్, 1971 ఏప్రిలులో టీసైడ్ ముగిసినవి. అప్పటినుండి బ్రిటను దేశమంతటిలో ట్రాలీబస్సు నడుపు ఊరు బ్రాడ్‌ఫర్డ్ ఒక్కటే. మొదట పుట్టినవాడే కడపట మిగిలెను.

1972 మార్చి 26వ తేదీ, ఆదివారము. డక్‌వర్త్ లేన్, థార్న్‌టన్ దారులే మిగిలియుండెను. థార్న్‌టన్ అనగా ఆంగ్ల సాహిత్య విద్యార్థులకు తెలియని ఊరు కాదు. షార్లెట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీ సోదరీమణులు మువ్వురును 1816 నుండి 1820 వరకు గల కాలమున ఆ గ్రామముననే జన్మించిరి. ఆనాడు కడపటి ప్రయాణము చేసిన బండి నంబరు 844. ఆ బండి జాతకము చూచిన ఈ కథ అంతయు అందులోనే కానవచ్చును. దాని ఛాసిస్ 1948లో పుట్టినది. మొదట మెక్స్‌బరో - స్వింటన్ వారి గనుల ఊళ్ళలో ఒంటి అంతస్తు బస్సుగా తిరిగినది. అచ్చటి ట్రాలీబస్సులు 1961 మార్చి 26వ తేదీన నిలిచిపోయినవి. బ్రాడ్‌ఫర్డ్ దానిని కొని, 1962లో రెండంతస్తుల కొత్తబాడీ కట్టించినది. సరిగా పదునొకండు సంవత్సరముల తరువాత, అదే తేదీన, రెండవమారు ఒక ఊరి ట్రాలీబస్సుల ముగింపును అది చూడవలసి వచ్చినది. ఈసారి దానిని కొనుటకు మరియొక ఊరు లేదు. ఆ రాత్రితో బ్రిటనులో ఆరుపదుల పైబడిన ట్రాలీబస్సు చరిత్ర ముగిసినది.

బ్రాడ్‌ఫర్డ్ చేసినది ఒప్పా, తప్పా? కొందరు దీనిని పిసినారితన మందురు. కొత్తవి కొని, దారులు పెంచి, వ్యవస్థను యౌవనముతో నింపవలసినది పోయి, ఇతరుల పారవేతలతో కాలక్షేపము చేసెనని వారి వాదము. ఈ మాటలో కొంత నిజము కలదు. పాతబండ్లు ఉన్నదానిని నిలిపినవి, లేనిదానిని కల్పింపలేదు. కాని ఇంకొకవైపు చూడుడు. కొత్తవి మాత్రమే కొనవలెనని పట్టుపట్టి యుండినచో బ్రాడ్‌ఫర్డ్ కూడ 1950 దశకముననే, తక్కిన పట్టణములతోపాటు, తీగెలు దింపి యుండెడిది. పాతబండ్లు దానికి పదునేనేండ్లకు పైగా కాలము నిచ్చినవి. కాలము గొప్ప దానము. అన్యాయ మేమనగా, ఆ కాలములో దేశమునందలి తక్కినవారు ఎవరును మనసు మార్చుకొనలేదు. ఒక్కడు చేయు పొదుపునకు పదిమంది చేయు దుబారాను ఆపు శక్తి లేదు.

మనసు మార్చుకొనుట చాల ఆలస్యముగా జరిగినది. చమురు పొగవలన గాలికి కలుగు కీడు తెలిసిన పిమ్మట, 1911లో మొదటి అడుగు వేసిన లీడ్స్ నగరమే మరల ట్రాలీబస్సును తెచ్చుటకు పెద్ద పథకమును వేసికొన్నది. ఏండ్లతరబడి విచారణ జరిగిన మీదట 2016 మే నెలలో ప్రభుత్వము దానిని త్రోసివేసినది. ఉన్నప్పుడు దించివేసిన తీగెను లేనప్పుడు కట్టుట ఎంత కష్టమో దీనివలన తెలియగలదు. నేడు బ్రాడ్‌ఫర్డ్ నీలిబండ్లను చూడవలె నన్నచో, లింకన్‌షైరులోని శాండ్‌టాఫ్ట్ వద్ద నున్న ట్రాలీబస్సు ప్రదర్శనశాలకు పోవలెను. అచ్చట ఔత్సాహికులు తీగెలు కట్టుకొని, సెలవుదినములలో పాతబండ్లను నడిపి పిల్లలను ఎక్కించుకొందురు.

మనకును ఇప్పుడు విద్యుత్ బస్సులు వచ్చినవి. హైదరాబాదు వీథులలోను, తిరుమల కొండదారిలోను అవి నడచుచున్నవి. వానికి తీగెలు లేవు. కరెంటును బ్యాటరీలో మోసికొని పోవును. కొండను చప్పుడు లేక, పొగ లేక ఎక్కుటలో మాత్రము అవి బ్రాడ్‌ఫర్డ్ బండ్లకు చుట్టములే. కొత్తవి కొనుట మనకు వేడుక. కొన్నవానిని ఎట్లు కాపాడుకొందుము, ఏ భాగము చెడినచో ఏది మార్చుదుము, బ్యాటరీ అరిగిన నాడు బండిని ఏమి చేయుదుము అను ప్రశ్నలను కొన్ననాడే వేసికొనుట మంచిది. పై అట్ట చినిగినంత మాత్రమున లోపలి పుస్తకము పనికిరాదని తీర్పు చెప్పకుండుటయే బ్రాడ్‌ఫర్డ్ మనకు నేర్పు మొదటి పాఠము. పుస్తకములు అచ్చువేయువారు లేకపోయినచో పాతపుస్తకముల అంగడియు ఒకనాటికి మూతపడు ననునది రెండవ పాఠము. మొదటి పాఠము మన ఇండ్లలో అవ్వలకు తాతలకు తెలిసినదే. రెండవదానిని తరగతిలో మనము చెప్పవలెను.